పీజే బేస్ గిటార్‌కు జె పికప్ మార్పిడి: కొలతలతో పూర్తి కేసు

వాయిద్యం నాలుగు తీగల పాసివ్ బేస్, 34 అంగుళాల స్కేల్. మధ్యలో రెండు ముక్కల పి పికప్, బ్రిడ్జ్ (తీగల కింది చివర ఆనే భాగం) పక్కన ఒక జె పికప్, రెండు వాల్యూములు, ఒక టోన్. పికప్ అంటే తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్. పి అంటే ప్రెసిషన్ బేస్ రకం, జె అంటే జాజ్ బేస్ రకం, రెండూ ఉంటే పీజే. బ్యాటరీ లేదు. మొదటిసారి బేస్ కొనేవాళ్లు తీసుకునే ధరలోది. మిర్యాలగూడలో ఒక చర్చి క్వయర్‌లో వారం వారం మోగుతుంది, డిసెంబరులో దాదాపు రోజూ. పని జరిగింది నల్లగొండలో, మే నెల ఎండల్లో. ఎండ ప్రస్తావన ఊరికే కాదు, అది మీటర్ రీడింగుల్లోకి కూడా వచ్చింది.

తెచ్చినతను చెప్పింది ఇది: “అన్నా, బ్రిడ్జ్ దిక్కుది ఒక్కటే పెడితే సౌండు సన్నగ, ఎక్కడో దూరంకెల్లి వచ్చినట్టు వస్తది. పి ఒక్కటే పెట్టినా గుయ్యిమంటది, తీగల మీద చెయ్యి పెట్టినా తగ్గుతలేదు. జి తీగ మీద అయిదో ఫ్రెట్ నొక్కితే సౌండు నిలుస్తలేదు. రెండు పికప్‌లు మార్చెయ్.”

కొలిచి చూస్తే పికప్ మార్చాల్సిన అవసరం మొదటి ఫిర్యాదుకు మాత్రమే ఉంది. రెండోది రెండు వైర్లు తారుమారు చేస్తే పోయేది. మూడోదానికీ పికప్‌లకూ సంబంధమే లేదు. పికప్‌లు మార్చమని వచ్చే బేస్‌లలో ఈ పరిస్థితి అరుదేమీ కాదు. అందుకే ఇక్కడ మార్పిడి కంటే దానికి ముందు చేసిన పరీక్షలకే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

జాక్ దగ్గర కొలత

ఒక్క స్క్రూ కూడా విప్పకుండా చేయగలిగే పరీక్ష ఇది. గిటార్‌కు కేబుల్ గుచ్చి, రెండో చివరి ప్లగ్ కొన మీద మల్టీమీటర్ ఒక ప్రోబ్, పక్కన గొట్టం మీద ఇంకోటి పెట్టాలి. టోన్ పూర్తిగా తెరిచి ఉంచాలి.

పి పూర్తిగా తెరిచి, జె పూర్తిగా మూస్తే 9.98 కిలో ఓమ్‌లు వచ్చింది. జె తెరిచి, పి మూస్తే 248 కిలో ఓమ్‌లు. రెండూ తెరిస్తే మళ్లీ 9.98.

రెండో రీడింగ్ దగ్గర చాలామంది పొరపడతారు. కాయిల్ తెగిపోతే మీటర్ అనంతం చూపాలి కదా, 248 ఏదో చూపిస్తోంది కాబట్టి పికప్‌లో ఇంకా ప్రాణం ఉందనుకుంటారు. ఆ 248 పికప్‌ది కాదు, పాట్‌లది, అంటే నాబ్‌ల కింద ఉండి తిప్పితే విలువ మారే రెసిస్టర్లది. లోపల రెండు 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్‌లు జాక్‌కు సమాంతరంగా ఉన్నాయి. రెండూ కలిస్తే దాదాపు 250. అంటే జె పికప్ సర్క్యూట్‌లో లేనట్టే. మూడో రీడింగ్ దాన్నే బలపరుస్తుంది. జె బాగుండి ఒక 7.5 కిలో ఓమ్‌లు ఉండి ఉంటే, రెండూ తెరిచినప్పుడు జాక్ దగ్గర 4.3 చుట్టూ రావాలి. పి ఒక్కదాని విలువే వచ్చిందంటే రెండో పికప్ కలవలేదు.

మరి తెగిన పికప్ సన్నగా అయినా ఎందుకు మోగుతుంది? కాయిల్ తీగ తెగినచోట రెండు భాగాలూ వేల చుట్లుగా పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటి మధ్య కొంత కెపాసిటెన్స్ ఉంటుంది, దానిగుండా పై ఫ్రీక్వెన్సీలు కొద్దిగా దాటి వస్తాయి, కింది ఫ్రీక్వెన్సీలు రావు. బేస్‌లో మనకు కావలసినవి ఆ కిందివే. పైగా తెగిన కాయిల్‌లో హాట్ వైపు (సిగ్నల్ బయటికి పోయే వైపు) మిగిలిన ముక్క గాలిలో వేలాడే యాంటెన్నాలా రొదను పట్టి ఆంప్‌లోకి పంపిస్తుంది. సన్నని సౌండు, పెద్ద రొద కలిసి వస్తే మొదట అనుమానించాల్సింది తెగిన కాయిల్‌నే.

పి పికప్‌లో హమ్ ఎందుకు

1957లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌కు పెట్టిన రెండు ముక్కల పికప్ స్వభావరీత్యా హమ్ (కరెంటు లైన్ల నుంచి వచ్చే గుయ్యిమనే రొద) రానివ్వదు. ఇ, ఎ తీగల కింద ఒక ముక్క, డి, జి తీగల కింద ఇంకో ముక్క ఉంటాయి. రెండింటి అయస్కాంతాలు ఎదురెదురు దిశల్లో, కాయిల్ చుట్లు కూడా ఎదురెదురుగా ఉంటాయి. రెండూ సిరీస్‌లో కలిపితే తీగల సిగ్నల్ నిలుస్తుంది, బయటి నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ ఒక ముక్కలో ఇటు, రెండో ముక్కలో అటు పుట్టి రద్దవుతుంది. అలాంటి పికప్ ఒక్కటే తెరిచినా హమ్ వస్తోందంటే ఒక ముక్క వైర్లు తిరగబడ్డాయేమో చూడాలి.

ఈ తప్పును చెవి పట్టలేదు. ప్రతి తీగా ఒకే ముక్క మీద ఉంటుంది కాబట్టి, ఒక ముక్క తిరగబడినా ఆ తీగల సౌండులో తేడా తెలియదు. హమ్ మాత్రం రద్దవడానికి బదులు రెండింతలవుతుంది. ఏళ్లతరబడి అలాగే వాయించేవాళ్లున్నారు, “పాసివ్ బేస్ అంటే హమ్ ఉంటుంది” అనుకుంటూ.

వెనక మూత తీసి, పి పికప్ వైర్లను పాట్ నుంచి, రెండు ముక్కలను కలిపే వైరును మధ్యలో విడదీసి, ఒక్కో ముక్కను విడిగా పరీక్షించాం. రెసిస్టెన్స్ ఒక్కోదానికి 5.2 కిలో ఓమ్‌లు, మొత్తం 10.4. జాక్ దగ్గర 9.98 రావడానికి కారణం పైన చెప్పిన పాట్‌లే. తర్వాత ముల్లున్న మీటర్‌ను అతి తక్కువ డీసీ రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ హాట్ వైపు, నల్లది గ్రౌండ్ వైపు తగిలించి, స్క్రూడ్రైవర్ ఇనుప కొనను పోల్ (పికప్ పైన తీగ కింద కనిపించే గుండ్రని లోహపు ముక్క) మీద ఆనించి చటుక్కున పైకి లాగాలి. ముల్లు ఏ వైపు తుళ్లిందో చూడాలి. సరిగా కట్టిన పి పికప్‌లో ఎనిమిది పోల్స్‌కూ ముల్లు ఒకే వైపు తుళ్లాలి. ఇక్కడ ఇ–ఎ ముక్కకు కుడికి, డి–జి ముక్కకు ఎడమకు పోయింది. దిక్సూచి దగ్గరపెట్టి చూస్తే రెండు ముక్కల అయస్కాంతాలు ఎదురెదురుగానే ఉన్నాయి. అంటే పికప్ తయారీలో లోపం లేదు, కలిపే దగ్గరే తప్పు జరిగింది.

ముల్లు మీటర్ లేకపోతే డిజిటల్ మీటర్‌ను 20 కిలో ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి ఇదే పని చేయొచ్చు. స్క్రూడ్రైవర్ లాగిన క్షణంలో అంకె పైకి పోయిందా, కిందికి పోయిందా చూడాలి. అంకెలు స్థిరపడేలోపే చూడాలి కాబట్టి ఒకే పోల్ మీద పలుమార్లు చేసి నమ్మకం కుదిరాకే రాసుకోవడం మంచిది.

జె పికప్‌ను బాగుచేయవచ్చా

కవర్ తీసి చూస్తే కాయిల్ బయటి చివర, దాని టంకం బాగానే ఉన్నాయి. లోపలి చివర దగ్గర ఆకుపచ్చ చిలుము. బ్రిడ్జ్ దగ్గర అరచేయి ఆనించి వాయించేవాళ్ల చెమట కవర్ సందుల్లోంచి దిగుతుంది. ఈ పికప్‌లలో వాడే 42 గేజ్ (అమెరికన్ లెక్క) తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, తల వెంట్రుకంత. దాని మీది పూత ఒక్కచోట పోతే చాలు, ఉప్పు మిగతా పని చేస్తుంది. తెగింది బయటి చివర అయితే ఒకటి రెండు చుట్లు విప్పి, పూత గీకి మళ్లీ టంకం పెడితే బతుకుతుంది. లోపలి చివర తెగితే మొత్తం విప్పి చుట్టాల్సిందే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపు లేని మండల కేంద్రం కనిపించదు. అక్కడ చుట్టించొచ్చు కదా అని అడుగుతుంటారు. మన గేజ్ లెక్కలో ఇది 46 ఎస్‌డబ్ల్యూజీ తీగ. మోటారుకు వాడేది దీనికి దాదాపు పది రెట్లు లావు. ఆ షాపుల్లో ఈ తీగా ఉండదు, ఇంత సన్నని తీగను తెగకుండా వేల చుట్లు తిప్పే యంత్రమూ ఉండదు. కొత్త పికప్ కొనడమే చవక.

ఏ జె కొనాలి

పీజే బేస్‌లో ఈ ప్రశ్న తేలిక కాదు. ఇప్పటి జాజ్ బేస్‌లలో సాధారణంగా రెండు జె పికప్‌లు ఒకదానికొకటి ఎదురు చుట్టు, ఎదురు అయస్కాంతంతో వస్తాయి. రెండు వాల్యూములూ సమానంగా తెరిస్తే హమ్ రద్దవుతుంది. పీజేలో ఆ తోడు లేదు. పి తన హమ్‌ను తానే రద్దు చేసుకుంటుంది, పక్కనున్న సింగిల్ కాయిల్ జె హమ్‌ను రద్దు చేసేవాళ్లెవరూ లేరు. కాబట్టి ఎంత ఖరీదైన సింగిల్ కాయిల్ జె పెట్టినా, దాని వాల్యూమ్ తెరిచిన మేరకు హమ్ వస్తూనే ఉంటుంది. ఈ గిటార్ మోగేది ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్లు, మిక్సర్, ఆంప్ అన్నీ ఒకే గోడ వెంబడి ఉన్న హాల్లో. అందుకని పైకి మామూలు జె లాగే కనిపిస్తూ లోపల రెండు చిన్న కాయిల్స్ ఉన్న హమ్ క్యాన్సిలింగ్ రకం ఎంచుకున్నాం. సింగిల్ కాయిల్‌తో పోలిస్తే పై అంచు పదును కొంచెం తగ్గుతుంది. చర్చిలో వేళ్లతో వాయించే బేస్‌కు అది నష్టం కాదు. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి) వాయించేవాళ్లయితే ఆలోచించాల్సిందే.

రెండు పికప్‌లూ మార్చాలన్న కోరిక విషయానికి వస్తే, పి పికప్ సిరామిక్ మాగ్నెట్, ఇనుప పోల్స్ రకం. గొప్పది కాదు, పనికిరానిదీ కాదు. ముందు వైరింగ్ సరిచేసి, జె మార్చి, కొన్నాళ్లు వాయించి చూసి అప్పుడు పి సంగతి తేల్చుకోమని చెప్పాం.

కొలత చూడకుండా జె పికప్ ఆర్డర్ చేయకూడదు. మెడ వైపు జె దాదాపు 92 మిల్లీమీటర్ల పొడవు, బ్రిడ్జ్ వైపుది దాదాపు 94.5. చవక గిటార్లలో రెండు గుంతలకూ ఒకే పొడవు తీయడం, బ్రిడ్జ్ గుంతలో పొట్టిది పెట్టడం మామూలే. ఈ గిటార్ గుంత 95, పాత పికప్ 94.5 ఉన్నాయి, కాబట్టి పొడవు రకం సరిపోయింది. గుంత 92.5 ఉంటే చెక్క చెక్కే బదులు పొట్టి పికప్ కొనడమే మేలు. ఒక్కో తీగకూ రెండు పోల్స్ ఉంటాయి కాబట్టి ఆ కాస్త తేడాకు సౌండు పడిపోదు.

పికప్ కాక కావలసిన సామాను: 250 కిలో ఓమ్‌ల ఆడియో పాట్‌లు మూడు (మీద ఎ250కె అని ఉంటుంది), తెరిచిన ఫ్రేమ్ ఉన్న మోనో జాక్ ఒకటి, 50 మిల్లీమీటర్ల వెడల్పు రాగి టేపు ఒక మీటరు, 24 గేజ్ మెలి వైరు ఒక మీటరు, హీట్ ష్రింక్ గొట్టం, 63/37 రోజిన్ కోర్ సోల్డర్. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో పికప్ తప్ప ఇవన్నీ వెతికితే దొరుకుతాయి. పాట్‌లు కొనేటప్పుడు చిన్నవే, 16 మిల్లీమీటర్లవే తీసుకోవాలి. పెద్ద పాట్‌ల మెడకు 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, ఇలాంటి గిటార్లలో ఉండేది 7 మిల్లీమీటర్లే. రంధ్రం పెంచబోయి పెయింట్ పగలగొట్టిన బాడీలు రిపేరుకు వస్తూనే ఉంటాయి.

పాత పాట్‌ల మీద బి500కె అని ఉంది, అంటే లీనియర్, 500. లీనియర్ వాల్యూమ్‌తో సౌండు తిప్పిన మేరకు సమంగా పెరిగినట్టు చెవికి అనిపించదు. 500 లోడ్ వల్ల ఈ పికప్‌ల పై ఫ్రీక్వెన్సీ గుట్ట మరీ ఎత్తుగా నిలిచి ఫ్రెట్ చప్పుడు ముందుకొస్తుంది. కొత్త పికప్ తయారీదారు సూచించింది కూడా 250నే. టోన్ కెపాసిటర్ మీద 473 ఉంది, అంటే 0.047 మైక్రోఫారడ్. దాన్ని అలాగే వదిలేశాం.

పని

తీగలను ఒక్కసారిగా కాకుండా నాలుగింటినీ కొంచెం కొంచెంగా వదులు చేయాలి. నాలుగు తీగలు కలిసి మెడను సుమారు 75–80 కిలోల బలంతో లాగుతుంటాయి. వైరింగ్‌ను రెండు మూడు కోణాల్లో ఫోన్‌తో ఫొటో తీసుకుని, ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసుకున్నాకే కత్తిరించాలి.

పాత జె వైరును గుంతలోంచి లాగేయకూడదు. దాని చివరకు కొత్త పికప్ వైరు కట్టి, అవతలి నుంచి పాతదాన్ని లాగితే కొత్తది బాడీ లోపలి సన్నని దారిలోంచి వస్తుంది. కొత్తదాని వైరు మీద రాగి జాలీ అల్లిక ఉంది, పాతదానికన్నా లావు. ముడి దగ్గర టేపు నున్నగా చుట్టకపోతే మధ్యలో ఇరుక్కుంటుంది.

అమర్చే ముందు కొత్త పికప్‌ను కూడా కొలిచాం. తయారీదారు కాగితం మీద 8.4 కిలో ఓమ్‌లు అని ఉంది, మీటర్ 9.1 చూపింది. లోపం ఏమీ లేదు. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. ఆ కాగితాల మీది విలువలు సాధారణంగా 20 డిగ్రీల దగ్గరివి. గదిలో 40 డిగ్రీలుంటే దాదాపు 8 శాతం ఎక్కువ రావాల్సిందే. మేలో కొలిచి “చెప్పిన విలువ లేదు” అని వెనక్కి పంపేవాళ్లు ఈ లెక్క ముందు వేసుకోవాలి. అలాగే పాత, కొత్త పికప్‌లను పోల్చాలంటే రెండింటినీ ఒకే పూట కొలవాలి.

తర్వాత స్క్రూడ్రైవర్ పరీక్ష. కొత్త జె పోల్స్ అన్నింటికీ ముల్లు ఎడమకు తుళ్లింది. పి పికప్‌లో ఇ–ఎ ముక్క కుడికి, డి–జి ముక్క ఎడమకు అని ముందే రాసుకున్నాం. రెండు పికప్‌లు కలిసినప్పుడు సౌండు బోలుగా కాకుండా నిండుగా రావాలంటే అన్నీ ఒకే వైపుకు రావాలి. జె వైర్లు తిప్పడానికి వీల్లేదు, ఎందుకంటే దాని గ్రౌండ్ ఆ రాగి జాలీయే. తిప్పితే జాలీ అంతా హాట్ అయి రొదను పోగుచేస్తుంది. పి ముక్కల్లో ఒకటి ఎలాగూ తిప్పాల్సి ఉంది. ఏది తిప్పినా పి హమ్ పోతుంది, కానీ ఇ–ఎ ముక్కను తిప్పితే దానితోపాటే జె తో ఫేజ్ కూడా కుదురుతుంది, అంటే రెండింటి సిగ్నల్స్ ఒకే దిశలో ఊగుతాయి. దాన్నే తిప్పాం. డి–జి ముక్కను తిప్పి ఉంటే హమ్ పోయేది గానీ రెండు పికప్‌లూ ఎదురు ఫేజ్‌లో పడి, కలిపి వాయిస్తే అడుగు స్వరం మాయమయ్యేది. పాత జె బాగున్న రోజుల్లో ఈ గిటార్ రెండు తీగల మీద నిండుగా, రెండు తీగల మీద బోలుగా మోగి ఉండాలి. అది ఎవరూ గమనించినట్టు లేదు.

వేరే గిటార్‌లో జె ను తిప్పక తప్పని పరిస్థితి వస్తే, జాలీకి లోపల అంటిన కాయిల్ చివరను విడదీసి, జాలీని గ్రౌండ్‌కే ఉంచి, కాయిల్‌కు రెండు వేరే వైర్లు తీయాలి. చేయి స్థిరంగా లేనివాళ్లు దీని జోలికి పోవద్దు.

రెండు గుంతలకూ, కంట్రోల్ గుంతకూ రాగి టేపు వేశాం. ఒక ముక్క మీద ఇంకో ముక్క ఎక్కిన ప్రతిచోటా చిన్న టంకం చుక్క పెట్టాలి, జిగురు మీద నమ్మకం పెట్టుకోకూడదు. జె గుంత అడుగున టేపు మీద మళ్లీ ఇన్సులేషన్ టేపు వేయాలి. పికప్ అడుగున టంకం మొనలు బయటికి ఉంటాయి. పికప్‌ను గట్టిగా బిగించగానే అవి రాగికి తగిలి సౌండు పూర్తిగా ఆగిపోతుంది, వదులు చేస్తే మళ్లీ వస్తుంది. “కొత్త పికప్ ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదు” అనే ఫిర్యాదుల్లో దీని వాటా పెద్దది. రాగి టేపు మీద ఆశ కూడా హద్దులో ఉండాలి. అది ట్యూబ్‌లైట్లు, డిమ్మర్లు పుట్టించే జుయ్యిమనే రొదను ఆపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అయస్కాంతపరంగా వచ్చే హమ్‌ను ఆపలేదు. దానికి కాయిల్స్ ఎదురెదురుగా ఉండటమే మందు.

పాట్ వైరింగ్‌లో ఒక్క మాట. రెండు వాల్యూములున్న బేస్‌లో పికప్ హాట్ వైరు పాట్ మధ్య కాలుకు, జాక్‌కు పోయే వైరు ఒక పక్క కాలుకు, మూడో కాలు గ్రౌండ్‌కు వెళ్లాలి. గిటార్ అలవాటులో పికప్‌ను పక్క కాలుకు, జాక్‌ను మధ్య కాలుకు కడితే ఒక వాల్యూమ్ మూయగానే రెండు పికప్‌లూ మూగబోతాయి. ఏ పక్క కాలు గ్రౌండ్ అన్నది బొమ్మలు చూసి తికమకపడే కంటే, నాబ్ పూర్తిగా మూసి మీటర్ పెడితే మధ్య కాలుతో సున్నా చూపేదే గ్రౌండ్ కాలు.

పాట్ వీపు మీద టంకం అతుక్కోకపోవడం ఇక్కడి బెంచీల మీద రోజూ కనిపించే సమస్య. కారణాలు రెండు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే పాట్ వీపు వేడెక్కినట్టే ఎక్కి చల్లారిపోతుంది, కాబట్టి ఆ రెండు నిమిషాలు ఫ్యాన్ ఆపాలి, మే నెలైనా సరే. రెండోది లో వోల్టేజ్. 230 వోల్టుల మీద 25 వాట్లు ఇచ్చే ఐరన్ 190 వోల్టుల మీద ఇచ్చేది 17 వాట్లే. కాళ్ల టంకానికి అది చాలుతుంది, వీపుకు చాలదు. అక్కడ 50–60 వాట్ల ఐరన్ వాడి, వీపును ముందుగా గీకి, మూడు నాలుగు సెకన్లలో ముగించాలి. చిన్న ఐరన్‌ను అరనిమిషం అదిమిపెట్టి ఉంచితే టంకం పట్టకపోగా లోపలి కార్బన్ ట్రాక్ కాలుతుంది. రేకుల పనికి వాడే యాసిడ్ పేస్ట్ వాడితే అప్పటికి బాగా అతుకుతుంది, కొన్ని నెలల్లో కాళ్లను తినేస్తుంది.

బ్రిడ్జ్ నుంచి జాక్ గొట్టానికి 0.6 ఓమ్ వచ్చింది, తీగల గ్రౌండ్ బాగుంది. పికప్ కింద ఉన్న స్పాంజి పొడిపొడిగా రాలిపోయింది. ఎండకు ఇది మామూలే. దాని బదులు అరిగిపోని హవాయి చెప్పు రబ్బరును 10 మిల్లీమీటర్ల మందంలో కోసి పెట్టాం. కొన్న ఫోమ్ కంటే ఇదే ఎక్కువ కాలం వస్తుంది. లూజైన స్క్రూ రంధ్రాల్లో ఫెవికాల్ ముంచిన అగ్గిపుల్ల ముక్కలు పెట్టి, ఆరాక బిగించాం.

మూసే ముందు జాక్ దగ్గర మళ్లీ కొలిస్తే పి ఒక్కటే 9.6, జె ఒక్కటే 8.5, రెండూ కలిపి 4.7 కిలో ఓమ్‌లు. మూడు అంకెలూ లెక్కకు సరిపోయాయి.

ఎత్తులు

తీగలను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి పోల్ పైభాగానికి కొలవాలి. పి పికప్‌ను ఇ వైపు 2.8, జి వైపు 2.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంచాం. బ్రిడ్జ్ దగ్గర తీగ ఊపు తక్కువ కాబట్టి జె ను ఇంకా దగ్గరికి, ఇ వైపు 2.2, జి వైపు 1.8కు తెచ్చాం. ఇంతకన్నా దగ్గరికి తెస్తే సౌండు పెరుగుతుంది గానీ అయస్కాంతం ఇ తీగను పట్టి లాగి, పన్నెండో ఫ్రెట్ పైన స్వరం వణుకుతుంది, ట్యూనర్ ముల్లు నిలవదు. అలా అయినప్పుడు చాలామంది బ్రిడ్జ్ శాడిల్ తిప్పడం మొదలుపెడతారు. ముందు పికప్ దించి చూడాలి.

అయిదో ఫ్రెట్

జి తీగ అయిదో ఫ్రెట్ మీద స్వరం త్వరగా చచ్చిపోవడం పని తర్వాత కూడా అలాగే ఉంది. ఉంటుందని ముందే చెప్పాం. బోల్ట్‌తో బిగించిన మెడ ఉన్న బేస్‌లలో జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఇది తరచూ కనిపిస్తుంది. ఆ స్వరం దగ్గర మెడ సొంత ఊపు కలిసి తీగ శక్తిని తాగేస్తుంది. పికప్ తీగ కదలికను వింటుందే తప్ప కదలికను పెంచలేదు. గిటార్ తల మీద చిన్న సి క్లాంప్ బిగించి వాయిస్తే ఆ చోటు పక్క ఫ్రెట్‌కు జరిగింది, కాబట్టి కారణం మెడే. బరువు శాశ్వతంగా తగిలించడం అతనికి ఇష్టం లేదు. అదే స్వరం డి తీగ పదో ఫ్రెట్ మీద నిండుగా ఉంది, అక్కడ వాయించుకోమన్నాం.

హాల్లో

బెంచి మీద రొద దాదాపు లేదు. చర్చిలో మాత్రం కొంత వచ్చింది, పాత హమ్ కంటే చాలా తక్కువ, కానీ వేరే రకం. గుండ్రని గుయ్ కాదు, గీకినట్టుండే జుయ్. స్టేజీ పైనున్న ఫ్యాన్ వేగం తగ్గిస్తే ఎక్కువవుతోంది, పూర్తి వేగంలో పెడితే పోతోంది. అది ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో పనిచేసే పాత రకం రెగ్యులేటర్. స్టెప్పులుగా తిరిగే కెపాసిటర్ రకం పెట్టించాక ఆ రొద పోయింది.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటి బయటపడింది. వాయిస్తూ పాడేటప్పుడు పెదవి మైకుకు తగిలితే జివ్వుమంటోందని అతను మాటల్లో అన్నాడు. బేస్ తీగలు బ్రిడ్జ్ గ్రౌండ్ ద్వారా ఆంప్ బాడీకి, మైకు మిక్సర్ బాడీకి కలిసి ఉంటాయి. మీటర్‌ను ఏసీ 750 వోల్టుల రేంజ్‌లో పెట్టి, ప్రోబ్‌ల ఇన్సులేషన్ మీదే చేతులుంచి, ఒకటి తీగకు, ఇంకోటి మైకు జాలీకి ఆనిస్తే 108 వోల్టులు చూపింది. ఆంప్ గుచ్చిన సాకెట్‌లో ఎర్త్ పిన్‌కు వైరే లేదు. ఎర్త్ లేని ఆంప్ బాడీ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల సగం వోల్టేజ్ దగ్గర తేలుతూ ఉంటుంది. ఆ కరెంటు సాధారణంగా జివ్వుమనిపించి వదులుతుంది, కానీ ఆంప్ లోపల ఇన్సులేషన్ ఎప్పుడైనా చెడితే అదే దారిలో పూర్తి 230 వోల్టులు తీగల మీదికి వస్తాయి. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌కు ఎర్త్ వేయించి, ఆంప్, మిక్సర్ రెండింటినీ ఒకే బోర్డు నుంచి తీసుకున్నాక అదే కొలత ఒక వోల్టు లోపుకు వచ్చింది. హమ్ తగ్గించడానికి ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ విరిచేయడం జాతరల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కనిపిస్తుంటుంది. ఆ పని ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. మిక్సర్‌కు, ఆంప్‌కు మధ్య లూప్ హమ్ ఉంటే డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు పంపే పెట్టె) మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడాలి. అది సిగ్నల్ గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు. జనరేటర్ మీద వాయించే చోట ఈ తీగ–మైకు కొలత మొదట చేసి, పది వోల్టులు దాటితే ఎర్త్ రాడ్ వేయించేవరకు మైకు దగ్గరికి పోవద్దని అతనికి రాసిచ్చాం. పాత జె పికప్‌ను, విప్పిన పాట్‌లను, వైరింగ్ బొమ్మను ఒకే కవరులో పెట్టి గిటార్ కేసులోనే ఉంచాం.